ఆపరేషన్ ముందు రోజు నేను చూసే కరోనల్ కట్

చెవి ఆపరేషన్లు చేసే డాక్టర్‌గా చెవి ఉండే ఎముకను చూపే టెంపోరల్ బోన్ సీటీ స్కాన్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. అది ఎలా తీస్తారో ఇక్కడ చెప్పబోవడం లేదు. అందులో నాకు అన్నిటికంటే విలువైనది ఒక్కటే, లేటరల్ సెమీసర్క్యులర్ కెనాల్ దగ్గరి కరోనల్ కట్, అంటే తలను ముందూ వెనకా విడదీస్తూ నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ. బ్యాలెన్స్ చూసుకునే మూడు అర్ధచంద్రాకార గొట్టాల్లో మధ్యచెవి వైపు ఉబ్బెత్తుగా ఉండేది ఇదే. దాని మీద సన్నని తెల్ల గీతలా ఎముక కనిపించాలి. జబ్బు ఎముకను తినేసి ఆ గీత తెగి ఉంటే, మర్నాడు నా చెయ్యి ఎక్కడ ఆగాలో ముందు రోజే తెలుస్తుంది.

ఒక పెద్దాయన కేసు చెప్తాను. చిన్నప్పటి నుంచి చెవి కారుతూనే ఉంది, దుర్వాసన కూడా. కళ్లు తిరుగుతాయా అని ఎన్ని రకాలుగా అడిగినా ఎప్పుడూ లేదన్నారు. కెనాల్‌కి రంధ్రం పడిందా అని చెవిలో గాలి ఒత్తిడి పెంచి చేసే ఫిస్టులా టెస్ట్‌లోనూ కళ్లు కదల్లేదు. మైక్రోస్కోప్‌లో ఆటిక్ (మధ్యచెవి పైగది) నిండా కొలిస్టియటోమా, అంటే చెవి లోపల చర్మం పేరుకుని ఎముకను తినే జబ్బు. లోకల్ అనస్తీషియాలో అయిపోతుంది అనిపించే కేసే. రిపోర్టులో కూడా మాస్టాయిడ్‌లో (చెవి వెనక ఎముకలో) సాఫ్ట్ టిష్యూ ఉందని, స్క్యూటమ్ అనే ఆటిక్ పక్క ఎముక అంచు అరిగిందని మాత్రమే రాశారు. సీడీ పెట్టి ఒక్కో కట్ జరుపుతూ చూస్తుంటే ఆ తెల్ల గీత ఉండాల్సిన చోట లేదు. అడ్డంగా కోసినట్టు చూపే ఆక్సియల్‌లో చూస్తే అక్కడా లేదు. రేడియాలజిస్ట్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ మళ్లీ తెరిచి చూసి, "అవును సార్, ఓపెన్‌గానే ఉంది" అన్నారు.

దాంతో ప్లాన్ మొత్తం మారింది. జనరల్ అనస్తీషియా పెట్టుకున్నాం. కొడుకుని కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పాను. అందరిలాగే ఆ కొడుకు కూడా "మూతి వంకర పోతుందా సార్?" అనే అడిగారు. ముఖాన్ని కదిలించే నర్వ్ చెవిలోంచే వెళ్తుంది కాబట్టి ఆ భయం న్యాయమైనదే, కానీ ఈ చెవిలో దానితో పాటు ఉన్న వినికిడి కూడా పూర్తిగా పోయే ప్రమాదం ఉందని చెప్పాను. ఆపరేషన్‌లో చుట్టూ ఉన్న జబ్బంతా తీసి, కెనాల్ మీది జబ్బు పొరను మాత్రం చివరిదాకా ముట్టుకోలేదు. సక్షన్‌ని (పీల్చే గొట్టాన్ని) దాని దరిదాపులకు రానివ్వలేదు. ఆఖర్న సెలైన్ పోస్తూ పొరను మెల్లగా లేపితే, స్కాన్ చూపించిన చోటే రంధ్రం ఉంది. వెంటనే ఎముక పొడి, ఫేషియా (కండరం మీది పల్చని పొర) పెట్టి మూసేశాం. తర్వాత కొన్నాళ్లు తల తిరిగి తగ్గిపోయింది. ఆడియోగ్రామ్‌లో బోన్ కండక్షన్ (లోపలి చెవి వినికిడి) ముందు ఎలా ఉందో అలాగే ఉంది. సక్షన్ తిన్నగా ఆ రంధ్రం మీద పడితే వినికిడి శాశ్వతంగా పోవచ్చు. ఆ చెవిని కాపాడింది ఆ ఒక్క కట్టే అని నా నమ్మకం.

అందుకే ఇలాంటి స్కాన్‌ని రెండు ఫిల్ముల మీద చిన్న చిన్న బొమ్మలుగా ముద్రించి ఇస్తే నాకు కోపం వస్తుంది. అర మిల్లీమీటరు మందంతో తీసిన కట్స్‌లో ఏవో కొన్నే ఫిల్ము మీదకు వస్తాయి. నాకు కావలసినది వాటిలో ఉంటుందన్న నమ్మకం లేదు. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు సీడీ అడిగి తెచ్చుకోండి.

గట్టిపడిన మాస్టాయిడ్‌లోనూ ఈ స్కాన్ మేలు చేస్తుంది. ఎముక నాపరాయిలా తయారై, డ్యూరా (మెదడు మీది పొర) కిందికి దిగి, సిగ్మాయిడ్ సైనస్ (పెద్ద రక్తనాళం) ముందుకు వచ్చేసి ఉంటే వెనక నుంచి డ్రిల్ చేసుకుంటూ వెళ్లడానికి చోటు ఉండదు. ముందే తెలిస్తే ఆటిక్ దగ్గర మొదలుపెట్టి జబ్బు వెంబడే వెనక్కి వెళ్తాను. పాత షుల్లర్ ఎక్స్‌రేలో కూడా ఇది కొంత తెలిసేది, కాకపోతే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనిపించేవి.

ముఖాన్ని కదిలించే ఆ ఫేషియల్ నర్వ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ఉత్సాహం తగ్గుతుంది. స్కాన్‌లో ఎముక కప్పి ఉన్నట్టు కనిపించిన నర్వ్, లోపలి చెవికి దారి అయిన ఓవల్ విండో పైన ఏ కప్పూ లేకుండా బయటపడటం చూశాను. దానికి ఉల్టా కూడా చూశాను. అక్కడి ఎముక మరీ పల్చన కాబట్టి కట్ మందంలో పక్కనున్న టిష్యూతో కలిసిపోతుంది. నిజానికి నేను మెచ్చుకున్న తెల్ల గీతకీ ఇదే బలహీనత ఉంది. అందుకే రెండు ప్లేన్లలోనూ తెగి ఉంటేనే గట్టిగా నమ్ముతాను. గీత బాగానే ఉన్నా కెనాల్ మీది పొరను తొందరపడి లాగను. చుట్టూ టిష్యూ నిండిపోతే స్టేపిస్ అనే చిన్న ఎముక మిగిలి ఉందో లేదో కూడా సీటీ సరిగ్గా చెప్పలేదు. కొలిస్టియటోమా, గ్రాన్యులేషన్ (వాచి పెరిగిన కండ), చీము అన్నీ అందులో ఒకే బూడిద రంగు. ఆ తేడా తెలియాలంటే నాన్ ఎకో ప్లానార్ డిఫ్యూజన్ అనే ప్రత్యేక రకం ఎంఆర్ఐ తీయాలి, అదీ సుమారు 3 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కను పట్టుకోలేకపోవచ్చు. మా ఊళ్లో ఆ సదుపాయం లేదు, పేషెంట్లను పెద్ద ఊరికి పంపాలి.

పొడిగా ఉన్న చెవిలో కర్ణభేరికి మధ్యలో చిల్లు ఒక్కటే ఉంటే నేను సీటీ రాయను. ఆ ఖర్చు, ఆ రేడియేషన్, ముఖ్యంగా పిల్లలకి, అనవసరం. ఆటిక్ జబ్బు, రెండోసారి ఆపరేషన్, వినిపించే చెవి అదొక్కటే అయినవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు అయితే మాత్రం స్కాన్ లేకుండా టేబుల్ ఎక్కించను. ఆపరేషన్‌లో నర్వ్ దగ్గరికి వస్తే హెచ్చరించే నర్వ్ మానిటర్ నాకు ప్రతి కేసుకీ దొరకదు, ఫోన్ చేస్తే పలికే రేడియాలజిస్ట్ మాత్రం ఉన్నారు. నా లెక్క ఆ రెండిటినీ బట్టి వేసుకున్నది. పెద్ద సెంటర్లో అన్నీ ఉన్నవాళ్ల లెక్క వేరేగా ఉండొచ్చు.