ప్రాగ్ నుంచి బ్రాటిస్లావా: పంపకాలు జరిగిన దారిలో

ఇప్పుడు లేని దేశాన్ని చూడ్డానికి అంత దూరం ఎందుకని మా ఆవిడ బయల్దేరకముందే అడిగింది. చెకోస్లొవేకియా 1918 అక్టోబర్ 28న పుట్టి, 1992 డిసెంబర్ 31 అర్ధరాత్రి చెక్, స్లొవాక్ దేశాలుగా విడిపోయి ముగిసింది. ఒక్క ప్రాణం పోలేదు. రాష్ట్ర విభజన కళ్లారా చూసినవాణ్ణి, అక్కడ అంత సాఫీగా ఎలా కుదిరిందో చూడాలనిపించింది. పోయిన సెప్టెంబర్‌లో చెక్ వైపు ప్రాగ్‌లో మూడు రోజులు, బ్ర్నోలో ఒకటి, స్లొవాక్ వైపు బ్రాటిస్లావాలో రెండు ఉన్నాం. షెంజెన్ వీసా ఒక్కటే చాలు.

ప్రాగ్‌లో పాతూరి నడిమధ్యన గది తీసుకోవడం నా తప్పు. లిఫ్టు లేదు, అర్ధరాత్రి దాకా కిటికీ కింద తాగినవాళ్ల పాటలు, పైగా అద్దె మండిపోయింది. మళ్లీ వెళ్తే వినోహ్రాడీ వైపు ఉంటాను. మెట్రో, ట్రామ్ రెండూ ఉన్నాయి, రాత్రి నిద్ర పడుతుంది. ట్రామ్‌కి కాగితం టికెట్ కొంటే సరిపోదు, పసుపుపచ్చ మెషీన్‌లో స్టాంప్ కొట్టించుకోవాలి. లేకపోతే జరిమానా.

వాత్స్లావ్ చౌరస్తా పైచివర ఉన్న నేషనల్ మ్యూజియం గోడల మీద 1968 ఆగస్టులో సోవియట్ సైనికులు కాల్చిన తూటాల గుర్తులు కనిపిస్తాయి. వాళ్లు అణచడానికి వచ్చిన సంస్కరణలను మొదలుపెట్టిన కమ్యూనిస్టు నాయకుడు దూబ్చెక్ స్లొవాక్ మనిషే. 1989 నవంబర్‌లో జనం తాళంచెవులు గలగలలాడించి కమ్యూనిస్టు పాలనను సాగనంపిందీ ఈ చౌరస్తాలోనే. మ్యూజియం పక్కన గాజు, ఉక్కుతో కట్టిన బిల్డింగ్ ఒకప్పటి ఫెడరల్ పార్లమెంటు. 1992 నవంబర్ 25న దేశాన్ని రద్దు చేస్తూ ఓటేసింది అక్కడే. ఇప్పుడది కూడా మ్యూజియంలో భాగం. టూరిస్టులంతా దాని ముందు నుంచే వెళ్తారు, తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది బ్ర్నో. ప్రాగ్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. డైనింగ్ కారులో పింగాణీ ప్లేట్లో వేడివేడిగా వేయించిన చీజ్ తెచ్చిపెట్టారు, శాకాహారులకు ఆ దేశంలో అదే దిక్కు. బ్ర్నోలో చూడాల్సింది టూగెన్‌ధాట్ విల్లా. ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె 1930లో పూర్తి చేసిన ఇల్లు, యునెస్కో జాబితాలో ఉంది. లోపలికి వెళ్లాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి. మేం చేసుకోలేదు, తోటకి విడిగా టికెట్ దొరికితే అదే మహాభాగ్యం అనుకున్నాం. 1992 వేసవిలో చెక్ ప్రధాని క్లౌస్, స్లొవాక్ ప్రధాని మెచియార్ ఈ తోటలోనే చెట్టు కింద కూర్చుని విడిపోయే లెక్కలు మాట్లాడుకున్నారు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఊళ్లో పెద్దమనుషులైనా ఉంటారు, ఇక్కడ వీళ్లిద్దరే. సర్వేల్లో రెండువైపులా ఎక్కువమంది కలిసుందామనే అన్నా రెఫరెండం పెట్టలేదు. కదలని ఆస్తులు ఎక్కడివక్కడే, మిగతావి జనాభాను బట్టి చెక్‌లకు రెండు పాళ్లు, స్లొవాక్‌లకు ఒకటి. మన విభజన చట్టంలోని తొమ్మిదో, పదో షెడ్యూల్ సంస్థల గొడవ గుర్తొచ్చి ఆ చెట్టు కింద నవ్వుకున్నాను. జెండా విషయంలో మాత్రం పేచీ మిగిలింది. ఉమ్మడి గుర్తులు ఎవరూ వాడకూడదని చట్టం చేసుకుని కూడా, చెక్‌లు పాత జెండానే ఉంచుకున్నారు.

బ్ర్నో నుంచి బ్రాటిస్లావా గంటన్నర. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియలేదు. అక్కడ గెస్ట్‌హౌస్ ప్రాగ్ గదిలో సగం అద్దెకే వచ్చింది, శుభ్రంగానూ ఉంది. రిసెప్షన్‌లో మాత్రం సాయంత్రం ఆరు దాటితే ఎవరూ ఉండరు, తాళంచెవి కోసం గంటసేపు ఫోన్లు చేశాం. డాన్యూబ్ నది మీది 'యూఫో' వంతెన టవర్ టికెట్ ధరకి తగ్గట్టుగా ఏమీ లేదు. దేవీన్ కోటకి మాత్రం తప్పకుండా వెళ్లండి. మొరావా నది డాన్యూబ్‌లో కలిసేది అక్కడే, అవతలి ఒడ్డు ఆస్ట్రియా. కమ్యూనిస్టు రోజుల్లో అటు దాటబోయి చనిపోయినవాళ్లకు నది పక్కనే స్మారకం ఉంది. అక్కడి బంగాళాదుంప పిండి ముద్దల వంటకం హలుష్కీ తినేటట్టయితే పంది మాంసం ముక్కలు వద్దని ముందే చెప్పాలి.

చివరి రోజు ఒక చిన్న కొట్లో కోఫోలా కొన్నాం. ఉమ్మడి దేశం నాటి కూల్‌డ్రింక్, ఇప్పటికీ రెండుచోట్లా తాగుతారు. జేబులో మిగిలిన చెక్ కొరూనా నాణేలు తీసి ఇస్తే కొట్టావిడ నవ్వి, తల అడ్డంగా ఊపి, యూరోలు అడిగింది. ఆ నాణేలు ఇంకా నా బ్యాగులోనే ఉన్నాయి.