నాలుగేళ్ళుగా అడవి గుర్రాల వెంట: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే ఈ వీడియో గేమ్ కథ గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను దాని జోలికి పోను. చెప్పాలనున్నది గుర్రాల గురించే. అందులోనూ డబ్బు పెట్టి కొనుక్కునే గుర్రాలు కాదు, మైదానాల్లో మందలుగా తిరిగే వాటి దగ్గరికి మనమే నడిచి వెళ్ళి మచ్చిక చేసుకోవడం గురించి. 2021లో చెన్నై రిచీ స్ట్రీట్‌లో, టీవీకి తగిలించి ఆడుకునే ప్లేస్టేషన్ 4 సెకండ్ హ్యాండ్‌ది కొన్నప్పుడు దాంతో పాటు ఈ ఆట రెండు డిస్కులూ తెచ్చుకున్నాను. కథ రెండుసార్లు పూర్తయింది. మూడోసారి మొదలుపెట్టి రెండో అధ్యాయంలో కావాలనే ఆగిపోయాను. అక్కడ మ్యాప్ చాలావరకు తెరిచి ఉంటుంది, తొందరపెట్టేవాళ్ళు ఉండరు, ఆఫీసు నుంచి వేళచ్చేరి వచ్చి అన్నం తిన్నాక ఒక గంట హాయిగా తిరగొచ్చు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆట 2018 అక్టోబర్ 26న వచ్చింది, పీసీకి 2019 నవంబర్‌లో. కాలం 1899, చోటు అమెరికా, కానీ అందులో కనిపించే ఐదు రాష్ట్రాలూ కల్పితం. మనం ఆర్థర్ మోర్గాన్ అనే దొంగల ముఠా మనిషి. కారు లేదు, బైకు లేదు, ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రమే. అందుకే ఈ ఆటలో గుర్రం బాగుంటే ఆట బాగుంటుంది, అంతే.

మచ్చిక చేసుకునే పద్ధతి ఇలా ఉంటుంది. దూరం నుంచి మంద కనిపించగానే నేను నా గుర్రం దిగిపోతాను, దాన్ని కాస్త వెనకే వదిలేస్తాను. తర్వాత నడక. పరుగెత్తకూడదు. కంట్రోలర్ మీద ఎల్2 బటన్ నొక్కి ఒక గుర్రాన్ని చూపులో పెట్టుకుంటే, స్క్వేర్ బటన్ నొక్కినప్పుడల్లా ఆర్థర్ దాన్ని మెల్లగా బుజ్జగిస్తాడు. నాలుగడుగులు వేస్తే అది తల ఎత్తి చూస్తుంది, అప్పుడు ఆగాలి, మళ్ళీ బుజ్జగించాలి, అది తల దించి గడ్డిలో మూతి పెట్టేదాకా నిలబడాలి, మళ్ళీ నాలుగడుగులు. బెదిరితే ముందు కాళ్ళు ఎత్తుతుంది, ఇంకా బెదిరితే మంద మొత్తం లేచిపోతుంది, పది నిమిషాల కష్టం గాలికి పోతుంది. తాడు విసిరి పట్టుకోవచ్చు కూడా, చాలామంది అదే చేస్తారు. నేను మొదటి నెల తర్వాత తాడు వాడటం మానేశాను. తాడు లేకుండా, చేయి చాస్తే మెడకు తగిలేంత దగ్గరికి వెళ్ళి నిలబడినప్పుడు కలిగే సంతోషం ఈ ఆటలో ఇంకెక్కడా దొరకలేదు నాకు. ఆ తర్వాత ట్రయాంగిల్ నొక్కి ఎక్కేస్తాం, అది ఎగిరి దూకి విదిలించుకుంటుంది, అది ఎటు లాగితే ఎడమ స్టిక్‌ను అటు కాకుండా ఎదురు వైపుకి నెట్టాలి, అలా కాసేపు నిలిస్తే శాంతిస్తుంది.

ఒక రోజు ఇలాగే హార్ట్‌ల్యాండ్స్ మైదానంలో ఒక బూడిద రంగు గుర్రం వైపు వెళ్తున్నాను. అమ్మ కూరగాయలు తరుక్కుంటూ టీవీ వైపు చూస్తోంది. ఉన్నట్టుండి "వెనక నుంచి పోవద్దురా, తంతుంది" అంది. నేను విననేలేదు, రెండడుగులు ముందుకు వేశాను. ఫాట్‌మని తన్నింది, ఆర్థర్ ఎగిరి పడ్డాడు. అమ్మ నవ్వలేదు, "చెప్పానా" అని కూడా అనలేదు, కత్తిపీట పక్కన పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. "పక్క నుంచి పో. అది నిన్ను చూడాలి. దాని భుజం దగ్గరికి పో."

మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, నెల్లూరు స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఈ సంగతి నాకు ఎప్పుడో తెలుసు, కానీ అమ్మకు గుర్రాల గురించి ఇంత తెలుసని మాత్రం ఆ రాత్రి దాకా తెలియదు. చెవులు ముందుకు నిక్కబొడిస్తే దేన్నో చూస్తోందని, చెవులు వెనక్కి వాల్చి మెడకు అంటించిందంటే కోపంగా ఉందని, తోక టపటపా కొట్టుకుంటుంటే దగ్గరికి పోవద్దని, ఒక్కొక్కటీ చెబుతోంది. నేను స్క్రీన్ మీద చూస్తే అవన్నీ ఉన్నాయి! అప్పటిదాకా కింద వచ్చే బటన్ల గుర్తులు చూసి ఆడేవాణ్ణి, ఆ రోజు నుంచి చెవులు చూసి ఆడుతున్నాను. నా మాట నమ్మి మీరూ అలా చేసి చూడండి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి స్క్రీన్ మీద మూల మ్యాప్ కూడా తీసేయండి, గుర్రం ఒక్కటే మిగులుతుంది.

ఇక అందరూ చెప్పే తెల్ల అరేబియన్ గుర్రం సంగతి. మ్యాప్‌లో వాయవ్య మూల, అంబరినో అనే రాష్ట్రం కొండల్లో, ఇసబెల్లా అనే సరస్సు ఒడ్డున మంచులో ఒంటరిగా తిరుగుతుంది. కొనకుండానే దొరికే గుర్రాల్లో దాన్ని మించింది లేదంటారు, నిజమే, పగ్గం ఇలా కదిపితే అలా తిరుగుతుంది. తెల్లటి మంచులో తెల్లటి గుర్రం, ముందు అది ఎక్కడుందో కనిపించడమే కష్టం. చలికి దళసరి కోటు వేసుకోకపోతే ఆర్థర్ ఆరోగ్యం తగ్గిపోతుంటుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అది బెదిరి పారిపోయింది. రెండోసారి తాడు వేసి లాగితే గింజుకుని వాలులో జారి, బండకు కొట్టుకుని చచ్చిపోయింది. కంట్రోలర్ పక్కన పెట్టేసి కాసేపు అలా కూర్చుండిపోయాను, ఆ రాత్రి ఇంకేమీ ఆడలేదు. ఆటలో కొన్ని రోజులు గడిచాక అదే చోట మళ్ళీ తెల్ల గుర్రం కనిపించింది, ఈసారి తాడు ముట్టుకోలేదు, పావు గంట పట్టింది, దొరికింది.

దాని మీద తిరుగుతుంటే నాకు కృష్ణదేవరాయలు గుర్తొచ్చేవాడు. అరబ్బు గుర్రాల కోసం పోర్చుగీసు వాళ్ళతో ఆయన నడిపిన వ్యాపారం స్కూల్లో చదివిందే, అయితే అంత ఖర్చుపెట్టి సముద్రాలు దాటించి ఎందుకు తెప్పించుకున్నారో ఈ ఆటలో ఆ గుర్రం ఎక్కి కొండ దిగినప్పుడు కాస్త అర్థమైనట్టు అనిపించింది. శ్రీరంగంలో శేషరాయ మండపం స్తంభాల మీద ముందు కాళ్ళు ఎత్తి లేచిన గుర్రాలు ఉంటాయి చూడండి, ఆ భంగిమ ఈ ఆటలో మీ చేతిలో ఉంటుంది.

కానీ అసలు మాట ఇది: ఆ అరేబియన్‌ను నేను రెండు నెలలకు మించి వాడలేదు. దానికి పిరికితనం ఎక్కువ. పాము కనిపించినా, తోడేలు అరిచినా, తుపాకీ చప్పుడుకు కూడా చెదిరి మనల్ని కింద పడేస్తుంది. అంతకన్నా ముఖ్యం, వేగం, దమ్ము లాంటి వాటికి ఆట ఇచ్చే అంకెల కోసం తెచ్చుకున్న గుర్రం కాబట్టి దాన్ని చూస్తే నాకు అంకెలే కనిపించేవి. ఇప్పుడు నా దగ్గరున్నది మైదానంలో దొరికిన మామూలు మస్టాంగ్, అంటే అమెరికా మైదానాల్లో మందలుగా తిరిగే గుర్రం. వేగం మధ్యస్థం, అందం కూడా అంతంతే, కానీ గుండె ధైర్యం ఉన్న జాతి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో గౌరి అని పెట్టాను, అది తాత జట్కా గుర్రం పేరు. మస్టాంగ్‌లు మొదటి నుంచీ అడవి గుర్రాలు కావు, ఈ విషయం తెలిశాక నాకు వాటి మీద ఇష్టం ఇంకా పెరిగింది. అమెరికాలో గుర్రాలు వేల ఏళ్ళ కిందటే అంతరించిపోయాయి, పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో మళ్ళీ తెచ్చారు, అలా వచ్చిన వాటిలో తప్పించుకున్న వాటి సంతానమే ఈ మందలు. అంటే ఒకప్పుడు మనిషి చేతి కింద బతికినవే.

ఎక్కగానే పని అయిపోదు, అక్కడ మొదలవుతుంది. గుర్రంతో అనుబంధం నాలుగు స్థాయిలు. రెండో స్థాయికి ముందు కాళ్ళు ఎత్తి నిలబడటం వస్తుంది, మూడో స్థాయికి దౌడులో ఒక్కసారిగా జారుతూ మలుపు తిరగడం, నాలుగో స్థాయికి గుర్రపు ప్రదర్శనల్లో చూసే పక్క అడుగులు. స్థాయి పెరిగేకొద్దీ ఈల వేస్తే ఇంకా దూరం నుంచి వింటుంది. ఇదంతా రావాలంటే మేత పెట్టాలి, మెడ నిమరాలి, ఒళ్ళు బ్రష్‌తో రుద్దాలి. బురద పట్టి అలాగే వదిలేస్తే దాని దమ్ము తగ్గుతుంది. ఏరు దాటించినా కడిగినట్టే, వానలో తడిసినా అంతే. అమ్మ అడిగింది, "ఉలవలు పెట్టవా దానికి?" అని. ఉలవలు లేవమ్మా, క్యారెట్లు, ఓట్స్, ఎండు గడ్డి, చక్కెర బిళ్ళలు ఉన్నాయి అన్నాను. చక్కెర బిళ్ళలు పెడతానంటే పెట్టనివ్వదు, గుర్రానికి తీపి అలవాటు చేయకూడదంటుంది. నా సంచిలో ఇప్పటికీ క్యారెట్లే.

ఒక దెబ్బ మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది. 2023 డిసెంబర్ మొదటి వారం, మిచాంగ్ తుపాను. బయట కుండపోత, నేను ఇంట్లో కూర్చుని ఆటలో బిగ్ వ్యాలీ అనే లోయలో ఉన్నాను. ఆ లోయలో పూల మధ్య ఒక ఎర్రటి ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి చార. అమ్మ చూసి "అచ్చం మా నాన్న గుర్రం గౌరే" అంది, గొంతు మారిపోయింది. అరగంట పట్టింది దాని దగ్గరికి చేరడానికి. ఎక్కి, నిలదొక్కుకుని, మచ్చిక చేసుకున్నాను. నా జీను ఇంకా పాత గుర్రం మీదే ఉంది, దాన్ని తీసి దీని మీద వేద్దామని వెనక్కి తిరిగేలోపు కరెంటు పోయింది. వేళచ్చేరి అంతా నీళ్ళు, మా వీధిలో నడుము లోతు, మూడు రోజులు కరెంటు లేదు. కింద ఇళ్ళవాళ్ళు మా ఇంట్లోనే పడుకున్నారు, ఆట ఎవరికి గుర్తుంటుంది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే ఆర్థర్ ముఠా శిబిరం దగ్గర పాత గుర్రంతో ఉన్నాడు. ఆ గుర్రం లేదు. ఆటలో మందలు ప్రతిసారీ వేరే రంగుల్లో వస్తాయి, కాబట్టి అదే లోయకు ఎన్నిసార్లు వెళ్ళినా అది మళ్ళీ రాలేదు. అందుకే చెబుతున్నాను, మచ్చిక కాగానే ఆలస్యం చేయకుండా మీ జీను దాని మీద వేయండి, ఆ తర్వాత ఓపిక చేసుకుని సేవ్ చేయండి. ఆట తనంతట తానే చేసుకునే ఆటోసేవ్‌ను నమ్ముకోవద్దు.

నచ్చనివి కూడా చెప్పాలి. ఎక్కాక జరిగే ఆ కుస్తీ, అంటే స్టిక్‌ను ఎదురు వైపుకి నెట్టడం, ఇరవై గుర్రాల తర్వాత ఏ మాత్రం కష్టం కాదు, ప్రతి గుర్రానికీ దాదాపు ఒకటే. దగ్గరికి వెళ్ళడంలో అంత ఓపిక అడిగిన ఆట, ఎక్కిన అర నిమిషంలో దాన్ని పూర్తిగా లొంగదీసేస్తుంది. తాత ఒక కొత్త గుర్రాన్ని బండికి అలవాటు చేయడానికి నెలలు పట్టేదని అమ్మ చెప్పింది. ముందు ఖాళీగా తాడు పట్టి నడిపించి, తర్వాత కళ్ళెం, ఆ తర్వాతే బండి. అందులో పదో వంతు ఉన్నా చాలు, కొత్త గుర్రం రెండు రోజులు మాట వినకపోయినా చాలు, ఇంకా ఎంతో బాగుండేది. చెట్ల మధ్య దౌడు తీస్తే అది తప్పుకోదు, నేరుగా మానుకు గుద్దుకుని ఇద్దరూ పడతారు, నాలుగేళ్ళయినా నాకు ఇది తప్పడం లేదు. గుర్రం బాగా దెబ్బతిన్నప్పుడు బతికించే మందు దగ్గర లేకపోతే అది శాశ్వతంగా పోయినట్టే, కాబట్టి ఆ మందు సీసాలు రెండు ఎప్పుడూ సంచిలో ఉంచండి. అడవి గుర్రాలను పట్టి అమ్మి డబ్బు చేసుకుందామంటే గిట్టదు, శాలల్లో చాలా తక్కువ ఇస్తారు. కథ చివర్లో గుర్రానికి సంబంధించిన ఒక సన్నివేశం ఉంది, అది చెప్పను, కానీ అప్పటికి మీ దగ్గర ఉన్నది మీరు నడిచి వెళ్ళి తెచ్చుకున్న గుర్రమైతే ఆ సన్నివేశం వేరేగా ఉంటుంది.

పోయిన నెల అమ్మను మెరీనాకు తీసుకెళ్ళాను. అక్కడ ఇసుకలో పిల్లల్ని ఎక్కించి తిప్పే గుర్రాలు ఉంటాయి కదా, ఒకటి పక్కనే నిలబడి ఉంది. అమ్మ తిన్నగా దాని భుజం దగ్గరికి వెళ్ళి, అది తనను చూసేదాకా ఆగి, మెడ మీద చేయి వేసింది. గుర్రం తోలే అతను అరవంలో ఏదో అడిగాడు, అమ్మ నెల్లూరు అంది. ఇంటికొచ్చాక ఆ రాత్రి తనే గుర్తు చేసింది, "బిగ్ వ్యాలీకి పోదామా" అని. పోయాం. నల్లవి రెండు, మచ్చలది ఒకటి ఉన్నాయి. ఎర్రది లేదు. రేపు శనివారం కాబట్టి పొద్దున్నే వెళ్దామనుకుంటున్నాం.