కాంగ్ రబ్బరు బొమ్మ: మొదటి అరగంట గట్టెక్కిస్తుంది

ఇంట్లో ఒంటరిగా ఉండలేక ఏడ్చే మా కుక్క కోసం, లోపల తిండి కూరి ఇచ్చే బొమ్మ ఒకటి కొన్నాను: కాంగ్ క్లాసిక్, ఎర్ర రబ్బరుది, మీడియం సైజు. వైజాగ్‌లోనే ఒక పెట్ షాపులో తీసుకున్నాను, దాదాపు వెయ్యి రూపాయలైంది. రబ్బరు ముక్కకి వెయ్యా అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంటుంది. వాడేది మా కాటుక. సీతమ్మధార వీధుల్లో పుట్టి మా మూడో అంతస్తుకి ఎక్కొచ్చిన నల్ల ఆడకుక్క. 14 కిలోలుంటుంది.

అమ్మ మాతో ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. అమ్మ అన్నయ్య దగ్గరికి బెంగళూరు వెళ్లాక, నేను బ్యాంకుకి బయల్దేరితే ఇంట్లో ఇదొక్కతే. కింది ఫ్లాట్ మాస్టారు లిఫ్ట్ దగ్గర ఆపి, "మీరటు వెళ్లగానే ఒకటే ఏడుపమ్మా. నాకేం ఇబ్బంది లేదు గానీ, పాపం దాని గొంతు పోతుందేమో" అన్నారు. ఆయన మంచివారు కాబట్టి అలా అన్నారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఇంకొకరు అన్న మాట ఇక్కడ రాయను. ఫ్లాట్లలో కుక్కల్ని పెంచకూడదనే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సరే, అవి చూపించి మనుషుల నోరు మూయించొచ్చు. కుక్క బెంగ తీరదుగా.

ఇక వస్తువు సంగతి. ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు ఉండల్లా ఉంటుంది, లోపల డొల్ల. కింద పెద్ద కన్నం, పైన చిన్న కన్నం. ఆ చిన్నది ఊరికే పెట్టింది కాదు: గాలి ఆడకపోతే నాలుక లోపల పట్టేసే ప్రమాదం ఉంది. సగం ధరకి దొరికే కొన్ని నకిలీల్లో ఒకటే కన్నం ఉంటోంది, కొనేముందు తిప్పి చూడండి. నేలకేసి కొడితే ఎటు ఎగురుతుందో తెలీదు, కాటుకకి అదో సరదా. దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. అమెరికాలోని కొలరాడోలో జో మార్ఖమ్ అనే ఆయన పెంచుకున్న జర్మన్ షెపర్డ్ ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు అరగ్గొట్టుకునేదట. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తూ పక్కన పడేసిన రబ్బరు విడిభాగాన్ని అది వదల్లేదు. అందులోంచి వచ్చిందే ఈ ఆకారం. కంపెనీ 1976లో మొదలైంది.

వాడకం దగ్గరే అసలు పని ఉంది. ఖాళీగా ఇస్తే కాసేపు దొర్లించి వదిలేస్తుంది. బిస్కెట్లు పోసి ఇస్తే, నేను స్కూటీ స్టాండు తీసేలోపు ఖాళీ. ఇప్పుడు రాత్రే సిద్ధం చేస్తాను: ఉప్పు వెయ్యని పెరుగన్నం, ఉడికించిన చికెన్ పీచులు కూరి, పైన రాగి సంకటితో మూత పెట్టి ఫ్రీజర్లో నిలబెడతాను. పొద్దున అది గడ్డకట్టి రాయిలా ఉంటుంది. నాకి నాకి కరిగించుకోవడానికి దానికి అరగంట పైనే పడుతుంది. రాత్రి మిగిలిన కూర మాత్రం కూరకండి. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదేది? రెండూ కుక్కలకి విషమే. ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడా వద్దు. పీనట్ బటర్ వాడేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకి బదులు వేసే తీపి పదార్థం) అని ఉందేమో చదవండి. ఉంటే ముట్టుకోవద్దు, కొంచెం తిన్నా ప్రాణం మీదికొస్తుంది.

బెల్లం రాసి ఇమ్మని ఎవరో చెప్పారు. అలా రాస్తే కుక్క కంటే ముందు చీమలొస్తాయి. ఎండాకాలం కరెంటు పోతే ఫ్రీజరు ప్లానంతా నీరే. కడగడానికి పసిపిల్లల పాలసీసా బ్రష్ వాడితే శుభ్రంగా పోతుంది, చిన్న కన్నానికి చీపురు పుల్ల చాలు. సాయంత్రం వచ్చాక కడుగుదాంలే అని వదిలేస్తే పెరుగు పులిసిన వాసన నన్నే తరుముతుంది.

పని చేసిందా అంటే, చేసింది. పాత ఫోన్ టీవీ పక్కన నిలబెట్టి వీడియో కాల్ పెట్టి చూశాను. ఇలాంటి కుక్కల్లో చాలావాటికి మనం గడప దాటిన తొలి అరగంటే నరకం. ఆ అరగంటా కాటుక ముందరి పాదాల మధ్య దాన్ని ఇరికించుకుని, చెవులు వెనక్కి వాల్చి, నాకుతూనే ఉంది. అయ్యాక తలుపు వైపు ఓసారి చూసి, అమ్మ పడక్కుర్చీ కింద దూరి పడుకుంది. అయితే ఘనతంతా బొమ్మది కాదు. నేను హెల్మెట్ చేతిలోకి తీసుకుంటే చాలు, దానికి వగర్పు మొదలయ్యేది. అందుకని హెల్మెట్ పెట్టుకుని సోఫాలో కూర్చుని టీ తాగడం, తాళాలు గలగలలాడించి మళ్లీ వంటింట్లోకి పోవడం, గడప దాటి నిమిషంలో వెనక్కి రావడం... అవి నేను వెళ్లిపోతున్న గుర్తులు కాకుండా పోవాలని ఇవన్నీ చేశాను. పనిమనిషి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆదివారం నేను ఇంట్లో ఉన్నప్పుడు కూడా కాంగ్ ఇస్తాను. లేకపోతే ఆ ఎర్ర బొమ్మ కనబడటమే నేను వెళ్లిపోతున్న గుర్తయిపోతుంది.

అందరికీ పని చేస్తుందా? చెయ్యదు. హైదరాబాద్‌లో మా చెల్లి వాళ్ల బీగిల్‌కి ఇదే కొనిచ్చాను. చెల్లి బయటికెళ్లగానే అది చొంగ కారుస్తూ, గోళ్లు చిట్లేదాకా తలుపు గీకుతూ ఉండిపోయింది. చికెన్ ఉన్న బొమ్మ పక్కనే పడి ఉన్నా ముట్టలేదు. అంత భయంలో ఉన్న కుక్కకి తిండి సయించదు. అలాంటిదాన్ని డాక్టరుకి చూపించాలి. ఈ బెంగకి మందులున్నాయి. ఫ్లూవోక్సెటిన్‌కి అమెరికాలో 2007లోనే అనుమతి వచ్చింది. అవి పట్టడానికి వారాలు పడుతుంది, పక్కన శిక్షణా ఉండాలి. మనుషుల మాత్రలు ఇంట్లో ఉన్నాయని సొంత వైద్యం చెయ్యొద్దు.

నా వరకు అయిదుకి నాలుగు. ఒకటి తగ్గించింది ధరకీ, రోజూ కడిగే చాకిరీకీ. సైజు విషయంలో అనుమానముంటే పెద్దదే తీసుకోండి, వెనక పళ్ల దాకా పోయేంత చిన్నదైతే గొంతుకి అడ్డం పడుతుంది. ల్యాబ్, రాట్‌వీలర్ లాంటి గట్టి దవడలైతే ఎర్రది కాదు, నల్లది అడగండి. ఎంత గట్టిదైనా ముక్కలు ఊడొస్తుంటే పారెయ్యాల్సిందే. నేనైతే వచ్చే జీతానికి రెండోది కొంటున్నాను, ఒకటి కాటుక నోట్లో ఉంటే ఇంకోటి ఫ్రీజర్లో ఉంటుంది.