పిప్పిపన్నులో నింపడానికి గాజు పొడా, ఊక బూడిదా?

‘పంటికి సిమెంట్ పెట్టించుకున్నా’ అంటాం కానీ, ఇప్పుడు పంటి రంగులో పెట్టేది ఎక్కువగా కాంపోజిటే. మెత్తటి రెసిన్‌లో (ప్లాస్టిక్ లాంటి జిగురు పదార్థం) సన్నటి గట్టి పొడి కలిపి, పుచ్చులో నింపి, నీలం లైటుతో గట్టిపరుస్తారు. నమిలినప్పుడు అరిగిపోకుండా కాపాడేది ముఖ్యంగా ఆ పొడే.

మామూలుగా వాడేది బేరియం గాజు, అంటే బేరియం అనే మూలకం కలిసిన గాజు. దాన్ని బాగా కరిగించి, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజుకి నూరాలి. ఖర్చు ఎక్కువైనా దశాబ్దాల అనుభవం దీని వెనుక ఉంది. పైగా బేరియం వల్ల ఫిల్లింగ్ ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. దాని కింద మళ్లీ పుచ్చు మొదలైతే డాక్టర్ పోల్చుకోగలరు.

రెండోది వరి ఊక. ధాన్యం బరువులో సుమారు 20 శాతం ఇదే. ఆమ్లంతో కడిగి పొటాషియం లాంటివి వదిలించి, వేడి అదుపులో పెట్టి కాలిస్తే తెల్లటి సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) మిగులుతుంది. వేడి మితిమీరితే అది స్ఫటికంగా మారుతుంది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. అందుకే రైస్ మిల్లు బాయిలర్‌లోని నల్ల బూడిద ఉన్నదున్నట్టుగా పనికిరాదు. మలేషియాలో యూనివర్సిటీ సైన్స్ మలేషియా పరిశోధకులు ఊక నుంచి నానో సిలికా (అతి సన్నటి సిలికా పొడి) తీసి, దానితో ఫిల్లింగ్ పదార్థం తయారుచేశారు. అయితే సిలికా ఒక్కటే ఎక్స్‌రేలో సరిగా కనపడదు, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) లాంటిది తోడవ్వాలి.

ఇవాళ నా దవడపన్నుకైతే గాజుదే పెట్టమంటాను. పరిశోధనకి డబ్బు పెట్టాల్సింది మాత్రం ఊక మీదే. గోదావరి జిల్లాల నుంచి నిజామాబాద్ దాకా ముడిసరుకు మన మిల్లుల దగ్గరే ఉంది.