డిస్నీలాండ్ హాలోవీన్: ఆరు సీజన్ల తర్వాత నాకు మిగిలింది ఒక గోడ

కాలిఫోర్నియాలోని అనాహైమ్ డిస్నీలాండ్ మా ఇంటికి అరగంట దూరం. కరోనా వల్ల పార్కు మూతపడిన 2020 పోగా, 2018 నుంచి 2024 వరకు ప్రతి హాలోవీన్ సీజనుకూ వెళ్లాను. మెయిన్ స్ట్రీట్ గుమ్మడికాయల గురించీ టిక్కెట్ల గురించీ అందరికీ తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను.

మొదటి రెండేళ్లూ నేను ఊరంతా పొగిడింది హాంటెడ్ మాన్షన్‌ను. 1969 నాటి ఆ దెయ్యాల ఇంటికి 2001 నుంచి ఏటా ఈ కాలంలో కొత్త వేషం వేస్తున్నారు. లోపలి పెద్ద హాల్లో అల్లం రొట్టెతో ఇల్లు కడతారు, దాని తీరు ఏటా మారుతుంది. అల్లం, దాల్చిన చెక్క వాసన మనం కూర్చుని తిరిగే బండిదాకా వస్తుంది. ఆ పొగడ్తను వెనక్కి తీసుకోను. కాకపోతే నాలుగోసారికి ఆ అల్లం రొట్టె ఇంటి కొత్త రూపు తప్ప మిగతా అంతా కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాను.

ఇప్పుడు నేను వెళ్లేది పక్కనే ఉన్న డిస్నీ వాళ్ల రెండో పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్‌లోని ప్లాజా డె లా ఫమీలియా కోసం. మెక్సికోలో చనిపోయినవారిని తలచుకునే పండుగ దియా దె లోస్ మువెర్తోస్. ఆ పండుగ పేరుతో 2017 నుంచి అక్కడ అలంకరణ చేస్తున్నారు. కాగితాన్ని సన్నగా కత్తిరించి చేసిన రంగుల తోరణాలు, మెట్లు మెట్లుగా నివేదన పీఠం, కోకో సినిమా కథతో ఒక ఆటపాట. అన్నిటికంటే ముఖ్యం అక్కడి జ్ఞాపకాల గోడ. పోయినవారికి ఒక చీటీ మీద నాలుగు మాటలు రాసి దానికి తగిలించవచ్చు. అయిదేళ్లపాటు దాని పక్కనుంచే నడిచిపోయాను, ఒక్క చీటీ రాయలేదు.

2023 అక్టోబరు మొదట్లో వరంగల్ నుంచి అమ్మ వచ్చి ఉంది. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్లు. పార్కుకు వెళ్దామంటే మొహం చిట్లించింది. "పెత్రమాస ముందర, పెద్దలకు బియ్యం ఇచ్చే రోజుల్లో, దెయ్యాల తిరునాళ్లు నాకెందుకు బిడ్డా?" మనవడి కోసం బయలుదేరింది.

ప్లాజా దగ్గరికి రాగానే ఆగిపోయింది. బంతిపూలు! ఎటు చూసినా బంతిపూల రంగే. దగ్గరికి వెళ్లి తాకి చూసి నిజమైనవి కావని తేల్చేసింది. మన గుమ్మాలకు కట్టే బంతి అసలు పుట్టింది మెక్సికోలోనే అని చెబితే నమ్మలేదు. బతుకమ్మలో పేర్చే పువ్వు పరాయిది ఎలా అవుతుందని ఆమె వాదన. అక్కడివాళ్లు దాన్ని సెంపసూచిల్ అంటారు, పాత నవాట్ల్ భాషలో ఇరవై పూలు అని అర్థం. ఆ వివరం కూడా పని చేయలేదు.

పీఠం ముందు మాత్రం చాలాసేపు నిలబడింది. ఫోటోలు, కొవ్వొత్తులు, రొట్టెలు. "పెద్దలకు పెట్టినట్టే పెట్టారు" అంది. తర్వాత లోపాలు వెతకడం మొదలుపెట్టింది. ఫోటోలకు దండలేవీ? నీళ్లు పెట్టారా? నేను నవ్వుతూ ఆ ప్రశ్నను ఇంగ్లిష్‌లో మా అబ్బాయికి చెబుతుంటే, పక్కనున్న ఒక పెద్దావిడ విని తలూపింది. వాళ్లది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబమట. ఇంట్లో పెట్టేటప్పుడు నీళ్ల గ్లాసు తప్పనిసరి, అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు దాహం వేస్తుంది కదా అని చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఆవిడ చేయి పట్టుకుంది. నేను అనువాదానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయాను.

ఆ పెద్దావిడే మా చేత చీటీ రాయించింది. అమ్మ తెలుగులో, ఇన్లాండ్ లెటర్ రాసినంత శ్రద్ధగా రాసింది: "ఈసారి బియ్యం ఇక్కడి గుడిలో ఇస్తాను. మోకాలు పరవాలేదు. వీడు మీలాగే అన్నం ఆలస్యంగా తింటాడు." ఆవిడ ఆ అక్షరాలను చూసి ఎంత గుండ్రంగా ఉన్నాయో అని ఆశ్చర్యపోయి, తన భర్త చీటీ పక్కనే చోటు చూపించింది.

2024లో నేను ఒక్కదాన్నే వెళ్లాను. మొదటిసారి దెబ్బతిన్నాను, తప్పు నాదే. విడిగా టిక్కెట్టు కొనాల్సిన ఊగీ బూగీ బాష్ అనే హాలోవీన్ పార్టీ ఉన్న రాత్రులు ఆ పార్కు ఆరింటికల్లా మామూలు టిక్కెట్ల వాళ్లకు ముగుస్తుంది. తేదీలు చూసుకోకుండా అయిదున్నరకు చేరాను. వారం తర్వాత మధ్యాహ్నం మళ్లీ వెళ్తే మెక్సికో ఎండ కూడా నాతోపాటు పండుగకు వచ్చినట్టుంది. గోడ నిండా చీటీలే. మాది లేదు. ఉండదని తెలుసు, అయినా వెతికాను. అమ్మకు ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజాము. అయినా విసుక్కోకుండా ఏం రాయాలో చెప్పింది. మోకాలికి ఆపరేషన్ అయిన సంగతి ముందు రాయమంది.

ఇంత చెప్పాక కూడా దీనికోసమే పార్కుకు రమ్మని ఎవరికీ సలహా ఇవ్వలేను. ఇండియా నుంచి ఒక్క రోజుకు వచ్చేవాళ్లకు ఇది అరగంట వ్యవహారం, అదీ కాళ్లు లాగుతుంటే కూర్చోవడానికి. మా అబ్బాయి పది నిమిషాలు కూడా నిలవడు. వాడికి హాలోవీన్ అంటే కార్స్ ల్యాండ్‌లో వేషాలు వేసుకున్న కార్లే. కోకో సినిమాలోని పిల్లవాడు మిగెల్ బొమ్మను ఆడించే ఆటపాట మొదటిసారి బాగుంటుంది, మూడోసారికి నేను నీడ వెతుక్కుంటాను. ఇంట్లో ఎవరూ పోనివాళ్లకు ఆ గోడ ఒక అందమైన ఫోటో మాత్రమే కావచ్చు. నాకూ అయిదేళ్లు అంతే.

వెళ్తే పార్టీ లేని రోజు చూసుకుని మధ్యాహ్నం లోపు వెళ్లండి. నవంబరు 2 దాటితే ఉండదు. తెలుగులో రాస్తే అక్షరాలు కాస్త పెద్దవిగా రాయండి, చీటీ చిన్నది. తగిలించే ముందు ఫోటో తీసుకోండి, మేము తీసుకోలేదు.