సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో ప్రెస్‌మీట్: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు

హైదరాబాద్‌లో రైతు సంఘమో, బాధితుల కమిటీయో, చిన్న స్వచ్ఛంద సంస్థో ప్రెస్‌మీట్ పెట్టాలనుకుంటే మా ఓటు సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌కే. హాలు ఘనంగా ఉంటుందని కాదు, విలేకరులు ఎలాగూ అటు వస్తారు కాబట్టి. రాజ్‌భవన్ రోడ్డు కనుక బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపున్న ఛానళ్ల కెమెరాలు త్వరగా చేరతాయి. ఒకే రిపోర్టరు ఆ పూట అక్కడే రెండు సమావేశాలు చూసుకుని వెళ్లొచ్చు. మీరు కట్టే అద్దెలో అసలు విలువ అదే. బషీర్‌బాగ్ దేశోద్ధారక భవన్‌లోని ప్రెస్‌క్లబ్ కూడా ఈ కోవలోదే. అసెంబ్లీ, నాంపల్లి వైపు వార్తలున్న రోజు అదే నయం. స్టార్ హోటల్ హాలు కంపెనీల విడుదల వేడుకలకు సరిపోతుంది, సమస్య చెప్పుకునేవాళ్లకు దండగ.

బుక్ చేసేటప్పుడు అద్దె ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. మీ ముందు, వెనక ఎవరి సమావేశాలున్నాయో కూడా అడగండి. ముందువాళ్లు అరగంట సాగదీస్తే మీ కెమెరాలు ఇంకో చోటికి వెళ్లిపోతాయి. పదకొండుకు మొదలైతే అన్నిటికన్నా మేలు. ఛానళ్లకు మధ్యాహ్నం బులెటిన్ అందుతుంది, పత్రికల జిల్లా పేజీలకూ వేళ మిగులుతుంది. సాయంత్రం నాలుగు దాటాక పెడితే దూరపు జిల్లాల ఎడిషన్లలో చోటు దొరకడం కష్టం. కేబినెట్ సమావేశం, అసెంబ్లీ ఉన్న రోజులు వదిలేయండి. ఆదివారం వార్తలు పలచగా ఉంటాయి, చిన్న సంఘానికి సోమవారం పేజీలో చోటు దొరికే వీలు ఎక్కువ.

ఆహ్వానం ముందురోజు సాయంత్రం ఐదులోపు వెళ్లాలి. మర్నాటి అసైన్‌మెంట్లు చాలావరకు అప్పుడే ఖరారవుతాయి. విషయం, మాట్లాడేవారు, చోటు, సమయం, ఒకే ఒక్క ఫోన్ నంబరు: అరపేజీ చాలు. రిపోర్టరుకే కాదు, ఛానల్‌లో వార్తల సేకరణ చూసే ఇన్‌పుట్ డెస్కుకు, పత్రిక బ్యూరోకు కూడా పంపాలి, ఎందుకంటే కెమెరాను కేటాయించేది డెస్కే. పొద్దున తొమ్మిదికి మరోసారి గుర్తు చేయాలి.

ఇక మైకుల సంగతి. ఎక్కువ ప్రెస్‌మీట్లు దెబ్బతినేది ఇక్కడే. ఛానళ్ల గొట్టాలన్నీ బల్ల మీద గుట్టగా పోస్తే రంగురంగుల లోగోల వెనక మాట్లాడేవారి ముఖమే దాగిపోతుంది. గుట్ట గడ్డం కన్నా కిందికి, మనిషికి ఓ అడుగు దూరంలో ఉండాలి. బల్ల మీద నీళ్ల సీసాలు, సెల్‌ఫోన్లు తీసేయండి. సీసా చప్పుడు, కాగితాల రెపరెప, బల్ల మీద చరిస్తే వచ్చే దడదడ అన్నీ నేరుగా బైట్‌లో, అంటే ఛానళ్లు ప్రసారం చేసే మాటల ముక్కలో పడతాయి. సౌండు వాళ్లను ప్రెస్ బాక్స్ తెమ్మని అడగండి. ఒక మైకు శబ్దాన్ని పది పన్నెండు కెమెరాలకు విడివిడిగా పంచే పెట్టె అది. ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ (పరికరాల మధ్య నేరుగా విద్యుత్ కలవకుండా వేరుచేసే ఏర్పాటు) ఉన్నదే తీసుకోవాలి. లేకపోతే వేర్వేరు ప్లగ్గులకు తగిలించిన పరికరాలు కలిసినప్పుడు 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం వచ్చే ప్రమాదం ఉంది. పెట్టె నుంచి లైన్ స్థాయి (బలమైన) సిగ్నల్ వస్తూ కెమెరా మైకు స్థాయిలో (బలహీన సిగ్నల్‌కు తగ్గట్టు) ఉంటే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. అందుకే మొదలయ్యే ముందు అరగంట ఉండగానే ఒక కెమెరాకు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. హాలు స్పీకర్లలో బాగా వినిపిస్తోందంటే కెమెరాలోనూ బాగుందని అనుకోవద్దు.

ఫ్లెక్సీ వెనకే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. మెరిసే ఫ్లెక్సీ మీద లైటు పడితే అక్షరాలు తెల్లబోతాయి, మ్యాట్ రకమే వేయించండి. సంస్థ పేరు, ప్రధాన విషయం కూర్చున్నవారి తలల కన్నా పైకి రావాలి. వేదిక మీద ముగ్గురికి మించొద్దు. పదిమంది వెనక నిలబడి ఫ్రేములోకి తొంగిచూస్తే ఆ పేరు కాస్తా వాళ్ల భుజాల వెనక మాయమవుతుంది. నిలబడే సరదా ఉన్నవాళ్లను ముందే మంచి మాటతో హాల్లో కూర్చోబెట్టండి.

మొత్తం నలభై నిమిషాలు దాటకూడదు: ఏడెనిమిది నిమిషాల ప్రకటన, మిగతాది ప్రశ్నలకు. అసలు మాట ఇరవై సెకన్లలో, తొలి నిమిషంలోనే చెప్పేయాలి. సన్మానాలు, స్వాగత వచనాలు పెడితే కెమెరా ఆపేస్తారు. జవాబు తెలియకపోతే సాయంత్రంలోగా పంపుతామని చెప్పి, నిజంగా పంపాలి.

ప్రెస్‌నోట్ ఒక పేజీ, మొదలయ్యే ముందే చేతికివ్వాలి, మధ్యలో లేచిపోయేవాళ్లుంటారు. సమాచార హక్కు కింద వచ్చిన జవాబో, కోర్టు ఉత్తర్వో ఉంటే జత చేయాలి. డీటీపీ కేంద్రంలో యూనికోడ్ కాని పాత తరహా అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. వాట్సాప్‌లో యూనికోడ్ (ఫోన్‌లో మామూలుగా టైప్ చేసే తెలుగు) అక్షరాలతోనే పంపండి. ఫొటో అడ్డంగా తీసింది ఒక్కటి, డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు. ఎడమ నుంచి ఎవరెవరున్నారో పేర్లు రాయాలి.

నలభై ఛానళ్లు తెస్తామని ప్యాకేజీలు అమ్మేవారున్నారు. బల్ల మీద లోగోలు నిండుతాయి, వార్త మాత్రం రాదు. వాళ్లకిచ్చే డబ్బుతో మంచి సౌండు పెట్టించుకోండి. విలేకరులకు డబ్బు పెట్టి ఇచ్చే కవర్ల జోలికి అస్సలు పోవద్దు. టీ, బిస్కెట్లు చాలు. కవరు చూపించాక నిజాయితీగా రాసే రిపోర్టరు మీ మరుసటి ఆహ్వానానికి రావడం మానేస్తాడు.