మూసీ బొమ్మకు వాటర్‌కలరా, అక్రిలిక్కా?

మూసీ ఒడ్డున బొమ్మ వేయాలనుకునే వాళ్లంతా అడిగేది ఇదే. మోయడానికి తేలిక, సర్దుకోవడానికి సులువు అనుకుంటే వాటర్‌కలరే మేలు. చిన్న పెట్టె, మందపాటి 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం, సీసాడు నీళ్లు చాలు. నగరానికి ఎగువన, నీళ్లు తేటగా ఉండే గండిపేట దగ్గరైతే నేనూ అదే పట్టుకెళ్లమంటాను.

నగరం దిగువన నాగోలు దాటాక లెక్క మారుతుంది. అక్కడ పారేది మురుగు. వెలుగు లోపలికి దిగదు, పైపొర మీదే ఆగిపోతుంది. వాటర్‌కలర్ మెరుపంతా రంగు కిందున్న కాగితం తెలుపుదే. అందుకే ఎంత ముదురుగా వేసినా నీళ్లు తేటగానే కనిపిస్తాయి, నది పాడైన సంగతే బొమ్మలోంచి జారిపోతుంది. నా దృష్టిలో తేల్చాల్సింది ఇక్కడే.

నురగ దగ్గర ఈ తేడా ఇంకా తెలుస్తుంది. డిటర్జెంట్లు కలిసిన మురుగు కత్వ (చిన్న ఆనకట్ట) మీంచి దూకగానే తెల్లటి కుప్పలు లేస్తాయి. వాటర్‌కలర్‌లో ఆ తెలుపు కోసం కాగితాన్ని ముందే ఖాళీగా వదిలేయాలి, లేదా మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి, తర్వాత ఒలిచేసే జిగురు) పూయాలి. దాని అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. నురగ అంచేమో పీలికలు పీలికలుగా ఉంటుంది. ఎండలో ఎక్కువసేపు ఉంచితే ఫ్లూయిడ్‌తోపాటు కాగితం పొరా లేచిపోతుంది.

అక్రిలిక్‌లో మందంగా పెడితే పై రంగు కింది రంగును కప్పేస్తుంది, కాబట్టి ముందు నది నీళ్ల రంగు వేసేయొచ్చు: అల్ట్రామెరీన్ (నీలం), బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) సమపాళ్లలో, చిటికెడు తెలుపు. ట్యూబు నలుపు వద్దు, జీవం పోతుంది. ఆరాక టైటానియం వైట్‌లో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) చుక్క కలిపి ప్యాలెట్ నైఫ్‌తో (రంగు పూసే చిన్న చాకు) మందంగా పెట్టాలి. నురగ అచ్చంగా పాలతెలుపు కాదు, ఎండ తగిలేచోట లేత పసుపు, అడుగున బూడిద. అక్రిలిక్ ఆరాక ముదురుతుంది కాబట్టి ఒక మెట్టు లేతగా కలుపుకోవాలి.

ఎండాకాలంలో ప్యాలెట్ మీద రంగు నిమిషాల్లో పొర కడుతుంది. మూత ఉన్న డబ్బాలో తడి గుడ్డ, దాని మీద బేకింగ్ పేపర్ పరిచి అక్కడే కలుపుకోండి.

గ్వాష్ (అడుగు కనిపించనివ్వని వాటర్‌కలర్ లాంటి రంగు) చిన్న స్కెచ్‌లకు సరే, మందంగా వేస్తే పగుళ్లిస్తుంది. ఆయిల్ రంగులు వేసిన తడి కాన్వాసుకు దుమ్ము, దోమలు అంటుకుంటాయి, అది ఇంట్లో వేసుకోవడానికే.

అక్రిలిక్‌కు ఉన్న అసలు చిక్కు కుంచెలు కడిగిన నీళ్లు. అందులో ఉండేది ప్లాస్టిక్. ముందు కుంచెను గుడ్డతో గట్టిగా తుడిచి, తర్వాత కడగాలి. ఆ నీళ్లను సీసాలో ఇంటికి తెచ్చి పటిక పొడి, ఆపైన కాస్త సున్నం వేస్తే రంగు ముద్దగా అడుగుకు దిగుతుంది. గుడ్డలో వడకట్టి, ముద్దను ఎండబెట్టి చెత్తలో వేయాలి. ఇంత ఓపిక లేకపోతే మాత్రం నది దగ్గరికి అక్రిలిక్ తీసుకెళ్లొద్దు.